సాక్షాంకన్ నమూనాలో ఖాళీగా వదిలిన గడి

పోలీసు భర్తీ ప్రకటన వెలువడిందంటే, తెలంగాణ సరిహద్దున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉన్న మా సిరోంచ తాలూకాలో తెల్లవారకముందే పిల్లలు రోడ్లెక్కుతారు. అంకీస దారిలో, ఆసరెల్లి దారిలో 1600 మీటర్ల పరుగు సాధన చేసే అబ్బాయిలు, 800 మీటర్లకు సమయం చూసుకునే అమ్మాయిలు, ఊరి బడి మైదానంలో గుండు విసిరేవాళ్ళు కనిపిస్తారు. రాత పరీక్ష మరాఠీలో ఉంటుంది. దానికి తోడు గడ్చిరోలి జిల్లాకు ప్రత్యేకమైన గోండీ, మాడియా భాషల పేపరు కూడా ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో మరాఠీ చదివి, పరీక్ష కోసం మరో రెండు భాషలు నేర్చుకుని, ఇంత శ్రమ పడి ఎంపికైన తరువాత, ఊరంతా మిఠాయి పంచుకున్న తరువాత, ఒక కాగితం దగ్గర ఉద్యోగం పోగొట్టుకునే పిల్లలు ప్రతి భర్తీలోనూ ఉంటున్నారు. ఆ కాగితాన్ని ఇక్కడ సాక్షాంకన్ నమూనా అంటారు. ఎంపికైన అభ్యర్థి తన పుట్టుపూర్వోత్తరాలు, చిరునామాలు, చదువు, తనపై ఉన్న కేసుల వివరాలు రాసి సంతకం పెట్టి ఇవ్వాల్సిన పత్రం అది.

నేను ఈ ప్రాంతపు కోర్టులో వకీలుగా పనిచేస్తున్నాను. భర్తీ ముగిసిన కొన్ని నెలలకు నా దగ్గరకు వచ్చే తండ్రీకొడుకులు దాదాపు ఒకే రకం కాగితం తెస్తారు. నేర సమాచారాన్ని దాచినందుకు మీ ఎంపికను ఎందుకు రద్దు చేయకూడదో సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంటుంది. విడదీసి చూస్తే వాటిలో ఎక్కువ భాగం చిన్న కేసులే. కేసును మాత్రమే చూసి ఉద్యోగం నిరాకరించేవారా అంటే, చాలా సందర్భాల్లో నిరాకరించేవారు కాదనే నా నమ్మకం. కానీ దాచిపెట్టాడన్న మాట ఒకసారి ఫైలులోకి ఎక్కిందంటే ఆ కేసు పెద్దదా చిన్నదా అన్న విచారణ వెనక్కి పోయి, ఈ మనిషి మాట నమ్మవచ్చునా అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడం ఇరవై రెండేళ్ళ కుర్రవాడికి ఎంత కష్టమో నేను చూస్తూ ఉన్నాను కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నమూనాలోని ప్రశ్నలను ఒకసారి నిదానంగా చదవాలి. ఇటువంటి పత్రాల్లో సాధారణంగా ఉండే ప్రశ్నలు ఇవి: మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, మీపై ఎప్పుడైనా కోర్టులో కేసు నడిచిందా, నిర్బంధంలో ఉంచారా, సత్ప్రవర్తన కోసం బాండు రాయించుకున్నారా, కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా, ఏదైనా పరీక్ష నుంచి డిబార్ చేశారా, ఈ పత్రం నింపే నాటికి మీపై ఏదైనా కేసు పెండింగులో ఉందా. చివరి ప్రశ్న ఒక్కటే నేటి సంగతి అడుగుతుంది. మిగిలినవన్నీ పుట్టిన నాటి నుంచి నేటి దాకా జరిగినదంతా అడుగుతున్నాయి. పత్రం పైభాగంలోనే, తప్పుడు సమాచారం ఇచ్చినా వాస్తవాన్ని దాచినా అది అనర్హత అవుతుందన్న హెచ్చరిక ఉంటుంది. పత్రం ఇచ్చిన తరువాత అరెస్టు, కేసు వంటిది ఏదైనా జరిగితే వెంటనే తెలియజేయాలన్న షరతు కూడా ఉంటుంది. ఈ రెండవ షరతును చదివినవాళ్ళు అరుదు.

మన పిల్లలు అబద్ధాలకోరులు కారు. వారి దృష్టిలో కేసు అంటే నడుస్తున్న కేసు. ముగిసిపోయినది వారి లెక్కలో లేదు. ఈ అపోహ ఎక్కడి నుంచి పుట్టిందో చూస్తే, మన ప్రాంతంలో కేసులు ముగిసే తీరులోనే దాని మూలం ఉంది.

మొదటిది మద్యం కేసు. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. గోదావరికి, ప్రాణహితకు అవతల తెలంగాణలో వైన్ షాపులు బహిరంగంగా నడుస్తాయి. కాళేశ్వరం వైపు కొని, వంతెన దాటి ఇటు అడుగు పెట్టిన సీసా మహారాష్ట్ర మద్యనిషేధ చట్టం 1949 కింద నేరమవుతుంది. పెళ్ళికో, పోచమ్మ పండుగకో నాలుగు సీసాలు సంచిలో పెట్టుకుని బైకు మీద వస్తున్న కుర్రవాడిని నాకాబందీలో పట్టుకుంటే, సెక్షన్ 65(ఇ) కింద కేసు అవుతుంది. కొన్నాళ్ళకు సమన్లు వస్తాయి. పనికి పోవాల్సిన రోజు కోర్టుకు ఎన్నిసార్లు తిరుగుతామని, తెలిసినవారెవరో సలహా ఇస్తే, కుర్రవాడు గున్హా కబూల్, అంటే నేరం ఒప్పుకుంటున్నాను అంటాడు. కోర్టు వేళ ముగిసే దాకా అక్కడే కూర్చోబెట్టి, జరిమానా కట్టించుకుని పంపేస్తారు. ఇంటికి వచ్చి, డబ్బు కట్టి వచ్చాం, కేసు అయిపోయిందని చెబుతాడు. నిజానికి ఆ రోజు అతడు నేరస్థుడిగా తేలాడు, శిక్ష అనుభవించాడు. తప్పు ఒప్పుకున్న కేసులో అప్పీలుకు దారి దాదాపుగా మూసుకుపోతుంది. ఊళ్ళో అందరూ అతి తేలికగా తీసుకునే కేసే కాగితం మీద అన్నిటికన్నా బరువైనదిగా మిగులుతుంది. విచారణకు వెళ్ళి ఉంటే బహుశా సాక్ష్యం నిలబడక కొట్టివేసేవారేమో అనిపించే కేసుల్లో కూడా, రెండు రోజుల కూలి పోతుందని ఒప్పుకుని శిక్ష తెచ్చుకున్న పిల్లలను చూస్తే నాకు ఎంతో బాధ కలుగుతుంది.

నది అవతల జరిగేవీ ఉన్నాయి. మన పిల్లలు మిరప కోతలకు, భవన నిర్మాణ పనులకు, సెక్యూరిటీ ఉద్యోగాలకు భూపాలపల్లి, మంచిర్యాల, కరీంనగర్, హైదరాబాద్ వెళ్తారు. అక్కడ డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికి కోర్టులో జరిమానా కట్టినా అది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద పడిన శిక్షే. హెల్మెట్ లేనందుకు ఫోనుకు వచ్చే చలానా వేరు, ఇది వేరు. ఒకప్పుడు మరో రాష్ట్రపు ఠాణాలో నమోదైన కేసు ఇక్కడి ఠాణాకు తెలిసేది కాదు. 2009లో మంజూరైన సీసీటీఎన్ఎస్ పథకం కింద దేశమంతటా ఠాణాల రికార్డులు కంప్యూటరుకు ఎక్కాయి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో పేరు కొడితే కేసు నంబరు వస్తుంది. అక్కడిది ఇక్కడ ఎవరికి తెలుస్తుందన్న ధీమాకు ఇప్పుడు ఆధారం లేదు.

మూడవది చాప్టర్ కేసు. ఎన్నికలకు ముందో, గణపతి నిమజ్జనానికి ముందో, రెండు వర్గాల మధ్య ఉద్రిక్తత ఉన్న ఊళ్ళో ఇరువైపులా కుర్రాళ్ళను తహసీల్దారు ముందు నిలబెట్టి శాంతిభంగం చేయబోమని బాండు రాయించుకుంటారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది సెక్షన్ 107. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 126. ఇది నేరం కాదు, శిక్ష కాదు. అయినా బాండు సంగతి నమూనాలో విడిగా అడిగారు కనుక జవాబు అవును అనే రాయాలి.

ఇక రాజీలు. మహారాష్ట్రలో 2007 నుంచి మహాత్మా గాంధీ తంటాముక్త్ గావ్ మోహిమ్ నడుస్తోంది. ఊరి తగాదాలు ఊళ్ళోనే తీర్చుకోవాలన్నది దాని ఉద్దేశం, అది మంచి ఉద్దేశమే. పొలం గట్టు దగ్గర మొదలైన తగాదాలో రెండు కుటుంబాలు ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కకుండా దీని కింద ఊళ్ళలో ఏర్పడిన తంటాముక్తి సమితులు ఎన్నో ఇళ్ళను నిలబెట్టాయి. కానీ సమితిలో చేతులు కలిపినంత మాత్రాన ఠాణాలో నమోదైన ఎఫ్ఐఆర్ చెరిగిపోదు. కోర్టులో రాజీ నమోదైతే చట్టం దృష్టిలో ఆ నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే. అంతవరకు నిజం. అయితే కేసు నడిచిందా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు మారదు.

ఇటీవల ఒక తండ్రి తన కొడుకుతో వచ్చాడు. వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చి చెబుతున్నాను. బల్ల మీద నోటీసు, దానికి జతచేసిన నమూనా నకలు పరిచాను. నకలులో కేసుల భాగమంతా ఒకే నీలిరంగు ఇంకుతో, ఒకే వేగంతో, పై నుంచి కింది దాకా నాహీ, నాహీ, నాహీ (లేదు, లేదు, లేదు) అని మరాఠీలో రాసి ఉంది. వరుసగా రాయడంలో చేయి జారి చివరి రెండు అక్షరాలు గడి దాటి బయటకు వచ్చాయి. ఎక్కడా ఆగి ఆలోచించిన జాడ లేదు. దాని కింద, పై సమాచారం నాకు తెలిసినంతవరకు సత్యమని ప్రమాణం, కొడుకు సంతకం.

"సార్, గది మా పెద్దబాపోళ్ళతోని లొల్లి. పోరడు ఆడ నిలబడ్డడు, గంతే. అందరి పేర్లు రాసిండ్రు, వీని పేరు గూడ రాసిండ్రు. తంటాముక్తిల కూసున్నం, కోర్టుల రాజీ సంతకాలు పెట్టినం. ఇంక కేసేడిది?" అన్నాడు తండ్రి.

"మరి ఫారంలో ఎందుకు రాయలేదు?" అని కొడుకును అడిగాను.

"ఫారాలు నింపే సెంటర్ అన్న, కేసు నడుస్తుందా అని అడిగిండు సార్. లేదన్న. అయితే అన్నిటికీ నాహీ రాయి అన్నడు. రాస్తే ఉద్యోగం పోతదని దోస్తులు గూడ అన్నరు."

ఆ కేసు ఐపీసీ సెక్షన్లు 323, 504, వాటికి ఉమ్మడి ఉద్దేశాన్ని చెప్పే 34 జతచేసినది. చేత్తో కొట్టడం, తిట్టడం. రెండూ రాజీ పడదగినవే. అప్పటికి ఆ అబ్బాయి వయసు పంతొమ్మిది. ఉన్నది ఉన్నట్టు రాసి, రాజీ ఉత్తర్వు నకలు జతచేసి ఉంటే ఆ నోటీసు వచ్చే అవకాశం చాలా తక్కువగా ఉండేది. పోలీసులకు ఊరి తరఫున సమాచారం ఇచ్చే పోలీస్ పాటిల్ కూడా విచారణకు వచ్చిన జవానుకు, కుర్రవాడు మంచివాడే, ఆ గొడవ పెద్దలదని చెప్పాడట. పోలీస్ పాటిల్ మంచిమాట, ఠాణా రిజిస్టరులోని గున్హా నంబరు, ఈ వరుస నాహీలు, మూడూ ఒకే ఫైలులో పక్కపక్కన కూర్చున్నాయి.

రాస్తే ఉద్యోగం పోతుందన్న దోస్తుల మాట ఎంతవరకు నిజమన్నది ఇక్కడ తేల్చుకోవాల్సిన ప్రధాన విషయం. దీనికి సుప్రీంకోర్టు చెప్పినదే ఆధారం. ఈ అంశంపై ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనాలు చాలాకాలం రెండు రకాలుగా మాట్లాడాయి. 2011లో ఢిల్లీ పోలీసు హెడ్ కానిస్టేబుల్ పోస్టుకు సంబంధించిన కేసులో, దాదాపు ఇరవై ఏళ్ళ వయసులో జరిగిన ఒక కొట్లాట కేసును దరఖాస్తులో రాయని అభ్యర్థి పట్ల కోర్టు దయ చూపింది. యువకులు పొరపాట్లు చేస్తారనీ, వారిని జీవితాంతం నేరస్థులుగా ముద్ర వేయరాదనీ అంది. 2013లో అదే ఢిల్లీ పోలీసు శాఖ గురించి వచ్చిన మరో తీర్పు అందుకు భిన్నమైనది. అక్కడ అభ్యర్థి కేసును దాచలేదు. అయినా రాజీ వల్లనో, సాక్షులు మాట మార్చడం వల్లనో వచ్చిన విడుదలను పూర్తి నిర్దోషిత్వంగా చూడనక్కర్లేదనీ, పోలీసు శాఖలోకి ఎవరిని తీసుకోవాలో నిర్ణయించే అధికారం స్క్రీనింగ్ కమిటీకి ఉందనీ కోర్టు చెప్పింది.

ఈ భేదాన్ని తీర్చడానికి 2016 జూలై 21న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అవతార్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. ఇవాళ దేశంలో ఎక్కడ ఈ వివాదం వచ్చినా అందరూ ముందు తెరిచేది ఆ తీర్పునే. అందులో మన పిల్లలకు పనికివచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. అడిగిన సమాచారం నిజంగా ఇవ్వాలి, అందులో దాపరికం ఉండరాదు. దాచినా, కేసు చిన్న వయసులో నినాదాలు ఇచ్చినటువంటి స్వల్ప విషయమైతే అధికారి తన విచక్షణతో ఆ దాపరికాన్ని మన్నించవచ్చు. చిన్న కేసు పెండింగులో ఉందని నిజాయితీగా చెబితే, తీర్పుకు లోబడి నియామకం ఇవ్వవచ్చు. అనేక పెండింగ్ కేసులను కావాలని దాస్తే అదే తీవ్రమైన విషయం. కేసు ఉన్న సంగతి అభ్యర్థికి తెలిసి ఉండాలి, తెలియని దాన్ని దాచాడనడం కుదరదు. నమూనాలోని ప్రశ్న స్పష్టంగా ఉండాలి, స్పష్టంగా అడగని దాన్ని చెప్పలేదని దండించరాదు. ఉద్యోగం ఖరారైన ఉద్యోగిని శాఖాపరమైన విచారణ లేకుండా తొలగించరాదు. చివరిగా, నిజం చెప్పినవాడిని కూడా తప్పనిసరిగా తీసుకోవాలన్న నియమం లేదు, అతని పూర్వచరిత్రను పరిశీలించే హక్కు యజమానికి ఉంది.

ఈ చివరి వాక్యాన్ని చూసి చాలామంది, అయితే రాసి లాభమేమిటంటారు. లాభం ఉంది. రాసినవాడి ఫైలులో అధికారి చూడాల్సినది కేసు స్వభావం మాత్రమే. రాయనివాడి ఫైలులో కేసు స్వభావంతో పాటు దాపరికం కూడా వచ్చి చేరుతుంది. 2022 సెప్టెంబరులో సీఆర్పీఎఫ్‌కు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు తొలగింపును సమర్థిస్తూ, పోలీసు, సాయుధ దళాల్లో ఈ పరిశీలన మరింత కఠినంగా ఉండాలని స్పష్టం చేసింది.

మన రాష్ట్రానికి చెందిన ఒక తీర్పును కూడా చెప్పాలి. అది పోలీసు ఉద్యోగం కాదు, అంతకన్నా ఎక్కువ నిష్కళంకతను కోరే న్యాయాధికారి పదవి. 2009లో ఎంపికైన ఒక యువకుడు తనపై ఒక కేసు నడిచిందనీ, 2004లోనే విడుదలయ్యాననీ తానే వెల్లడించాడు. 2010లో అతని ఎంపికను రద్దు చేశారు. 2018లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు ఇచ్చింది. ప్రతి కేసునూ దాని వాస్తవాల ఆధారంగానే చూడాలనీ, ఒకే కొలతతో అందరినీ కొలవరాదనీ అంది. అతడు మొదటి రోజే నిజం చెప్పి ఉండకపోతే ఆ వాదనకు బలం ఉండేది కాదు. ఎనిమిదేళ్ళు పట్టిన మాట కూడా నిజమే, దాన్ని నేను దాచను. 2024 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ కానిస్టేబుల్ అభ్యర్థి కేసులో తీర్పు వచ్చేసరికి అతడు దరఖాస్తు చేసుకుని ఇరవై ఏళ్ళు గడిచాయి. 2004 భర్తీ అది. దరఖాస్తు నాటికి కేసు లేదు, ఎంపిక మధ్యలో నమోదైంది, నియామకం కంటే ముందే విడుదల అయింది, అతని ప్రవర్తన మంచిదని పోలీసులే నివేదిక ఇచ్చారు. చెప్పకపోవడం ప్రతిసారీ ప్రాణాంతకం కాదని కోర్టు అంది. గెలిచాడు. కానీ ఇరవై రెండేళ్ళ వయసులో దొరకాల్సిన యూనిఫాం నలభై దాటాక దొరికితే, ఆ మధ్యకాలం ఎవరు తిరిగి ఇస్తారు? ఇటువంటి తీర్పులను చూపించి, రాయకపోయినా కోర్టు ఆదుకుంటుందని కోచింగ్ క్లాసుల్లో ధైర్యం చెప్పేవాళ్ళు ఆ లెక్క కూడా చెప్పాలి.

శాఖ పట్టుదలను నేను తప్పు పట్టను. రేపు ఈ అబ్బాయే పంచనామా రాస్తాడు, కోర్టులో ప్రమాణం చేసి సాక్ష్యం చెబుతాడు, అతని మాట మీద మరొకరి స్వేచ్ఛ ఆధారపడుతుంది. గడ్చిరోలిలో పోలీసు చేతికి తుపాకి కూడా వస్తుంది. 1990లో స్థానిక యువకులతో ఏర్పడిన నక్సల్ వ్యతిరేక సీ-60 దళం ఉన్న జిల్లా ఇది. ఇక్కడ ఒక మనిషి పూర్వచరిత్రను, పరిచయాలను శాఖ జాగ్రత్తగా చూసుకోవడంలో అన్యాయం లేదు. కొట్లాట కేసు ఎదుర్కొన్న కుర్రవాడిని తీసుకోవచ్చు గానీ, ప్రమాణపత్రం మీద అబద్ధం సంతకం పెట్టే అలవాటు ఉన్నవాడిని తీసుకోలేమని అధికారి అంటే నా దగ్గర ఎదురు జవాబు లేదు.

కానీ శాఖ చేయాల్సినవి కూడా ఉన్నాయి, వాటిని కూడా గట్టిగానే చెప్పాలి. ఊరి గొడవలో ఫిర్యాదు రాసేటప్పుడు ఆ ఇంట్లో మీసం వచ్చిన ప్రతివాడి పేరూ, చదువుకుంటున్న పిల్లల పేర్లతో సహా, రాయడం మన దగ్గర ఆనవాయితీ. భర్తీకి సిద్ధమవుతున్న కుర్రవాడి పేరు కావాలనే ఇరికిస్తారు. ఉద్యోగం రాకుండా చేయడానికి అది అన్నిటికన్నా చౌకైన మార్గమని అందరికీ తెలుసు. అన్న పెళ్ళి చెడి వదిన అత్తింటి వేధింపుల కేసు (ఐపీసీ 498ఎ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85) పెడితే, హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఆడబిడ్డ పేరు కూడా అందులో ఉంటుంది. ఆ అమ్మాయికి సమన్లు చేరక ముందే నమూనా నింపే రోజు రావచ్చు. పరిశీలించే అధికారి సెక్షన్ నంబరు చూసి ఊరుకోకుండా, ఆ ఎఫ్ఐఆర్‌లో ఈ వ్యక్తి చేసినట్టు చెప్పిన పని ఏమిటో చదవాలి. ఠాణాలోనే దర్యాప్తు చేసి, ఫిర్యాదు అబద్ధమని బి సమ్మరీ పంపిన కేసును కూడా అభ్యర్థి ఖాతాలో మచ్చగా చూపడం నేను చూశాను. తమ దర్యాప్తు ఫలితాన్ని తామే నమ్మకపోతే ఎలా?

మరొక మాట. పత్రాల తనిఖీ రోజున ఎవరో ఒక అధికారి ఈ ప్రశ్నలను ఒక్కొక్కటిగా చదివి, బాండు అంటే ఇది, రాజీ అయినా రాయాలి, జరిమానా కట్టినా రాయాలి అని ఉదాహరణలతో చెబితే పదిహేను నిమిషాలు పడుతుంది. సిరోంచ పిల్లలకు అది తెలుగులో చెప్పగలిగినవారు శాఖలో లేకపోలేదు. తంటాముక్తి సమితులు కూడా రాజీ కాగితం రాసేటప్పుడు ఎఫ్ఐఆర్ నంబరు అందులో వేసి, ఒక ప్రతిని ఆ కుటుంబంలోని చదువుకునే పిల్లల చేతికి ఇస్తే బాగుంటుంది. చాలామంది పిల్లలకు తమ మీద ఉన్న కేసు నంబరే తెలియదు.

ఇప్పుడు నమూనా నింపబోయే పిల్లలు ముందుగా చేయాల్సిన పని, తమ పేరు ఎక్కడైనా ఉందో లేదో తెలుసుకోవడం. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్ల, సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైటులో దొరకాలి. ఈ-కోర్ట్స్‌లో పేరుతో వెతకవచ్చు, ఇంటిపేరును రెండు మూడు రకాల అక్షరక్రమాలతో వెతకండి, ఎందుకంటే తెలుగు ఇంటిపేర్లను మరాఠీ రాతగాళ్ళు తమకు వినబడినట్టు రాస్తారు. కేసు దొరికితే కోర్టులో నకలు దరఖాస్తు పెట్టి ఎఫ్ఐఆర్, చార్జిషీటు, తీర్పు లేదా రాజీ ఉత్తర్వు తీసుకోండి. నమూనాలో ఠాణా పేరు, గున్హా నంబరు, సెక్షన్లు, కోర్టు పేరు, ఆర్.సీ.సీ. (రెగ్యులర్ క్రిమినల్ కేసు) లేదా ఎస్.సీ.సీ. (సమ్మరీ క్రిమినల్ కేసు) నంబరు, ప్రస్తుత స్థితి, తీర్పు తేదీ రాయండి. గడిలో చోటు సరిపోకపోతే విడి కాగితం జతచేసి, జత చేశానని గడిలో రాయండి. సమర్థనలు, వేడుకోళ్ళు అక్కడ వద్దు. ఇచ్చిన ప్రతి కాగితానికీ ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, దాని మీద ఆవక్ శిక్కా, అంటే కాగితం అందిందన్న ముద్ర, వేయించుకోండి. పద్దెనిమిదేళ్ళు నిండకముందు జరిగిన విషయమైతే బాలల న్యాయ చట్టం 2015లోని సెక్షన్ 24 వల్ల సాధారణంగా ఆ కేసు కారణంగా అనర్హత అంటదు. కానీ అలాంటి కేసు ఉన్నవారు నమూనా నింపే ముందే వకీలును కలవడం మంచిది.

పత్రం ఇప్పటికే ఇచ్చేసి, అందులో ఒక కేసు రాయలేదని ఇప్పుడు గుర్తించినవారు నోటీసు వచ్చే దాకా ఆగకూడదు. పరిశీలన నివేదిక ఎస్పీ కార్యాలయానికి చేరక ముందే, రాయకపోవడానికి నిజమైన కారణం చెబుతూ, నకళ్ళు జతచేస్తూ లిఖితపూర్వకంగా తెలియజేయాలి. వారు కనుక్కున్న తరువాత చెప్పినదానికీ, కనుక్కోకముందే చెప్పినదానికీ అధికారి దృష్టిలోనూ, ఆ తరువాత కోర్టు దృష్టిలోనూ చాలా తేడా ఉంటుంది.

నోటీసు వచ్చేసినవారు గడువు లోపల జవాబు ఇవ్వాలి. నాకేమీ తెలియదని మళ్ళీ అబద్ధం చెప్పవద్దు, ఎవరో నింపారని సెంటరువాడి మీద తోసివేయవద్దు, సంతకం మీదే కనుక అది నిలవదు. కేసు స్వభావం, అప్పటి మీ వయసు, ఫలితం, కావాలని దాచలేదనడానికి ఆధారం, ఈ నాలుగింటి మీదే జవాబు నడవాలి. అయినా ఎంపిక రద్దయితే మొదట వెళ్ళాల్సినది హైకోర్టుకు కాదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగ నియామకాల వివాదాలు ముందుగా మహారాష్ట్ర అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ వినాలి, మన జిల్లాకు దాని నాగ్‌పూర్ బెంచి. తుది ఉత్తర్వు వెలువడిన తేదీ నుంచి ఏడాది లోపల అక్కడ దరఖాస్తు పడాలి. సిరోంచ నుంచి నాగ్‌పూర్ మూడు వందల కిలోమీటర్లకు పైనే ఉంటుంది, వకీలును వెతుక్కోవడానికీ కాగితాలు సమకూర్చుకోవడానికీ సమయం పడుతుంది. కనుక ఉత్తర్వు అందిన వారంలోనే పని మొదలుపెట్టండి.